తలకెక్కిన వేడి కిందికి దిగాలంటే

ప్రశ్న: మాది రాయగడ. వయసు 38. ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల డ్యూటీ. అయిదు నెలలుగా యూట్యూబులో చూసి తావో ధ్యానం, అదే చీనా వాళ్ళ పాత సాధన, రోజూ గంటసేపు చేస్తున్నాను. సరిగ్గా అర్ధరాత్రి కూర్చుని, పొట్ట లోపలికి లాగుతూ గాలి పీల్చి, బిగబట్టి, శక్తిని వెన్నులోంచి నడినెత్తికి ఎక్కించి ముందు వైపు నుంచి దించాలట. మైక్రోకాస్మిక్ ఆర్బిట్ అంటున్నారు. మొదటి నెల హాయిగానే ఉంది. ఇప్పుడు కూర్చోగానే చేతివేళ్ళలో, పెదాల చుట్టూ కరెంటు పాకుతోంది. నుదురు బిగుసుకుపోతోంది, నడినెత్తి వేడెక్కుతోంది. మూడు వారాలుగా నిద్ర సరిగా లేదు, గుండె దడ. ఇది శక్తి మేలుకోవడమా, ఏదైనా తేడా కొట్టిందా? వీర్యం నిలుపుకోవాలన్నారని మా ఆవిడకి దూరంగా ఉంటున్నాను, దానిమీద ఇంట్లో గొడవ. తనూ ధ్యానం నేర్చుకుంటానంటోంది. అమ్మేమో గుణియా (భూతవైద్యుడు) దగ్గరికి తీసుకెళ్తానంటోంది. పొద్దున చేసే ప్రాణాయామం, పంచాక్షరి జపం దీనితో కలిపి చేయొచ్చా? ఆన్‌లైన్‌లో అమృత గుళికలని అమ్ముతున్నారు, అవి మంచివేనా?

జవాబు: ముందు చేయాల్సిన పని చెబుతాం, కారణాలు ఆనక. ఈ రాత్రి నుంచే అర్ధరాత్రి కూర్చోవడం, పొట్ట లాగి పీల్చడం, బిగబట్టడం, వెన్నులో ఎక్కించడం, ఈ నాలుగూ మానేయండి. తగ్గించడం కాదు, మానేయడం. కనీసం రెండు వారాలు. ఈ వారంలోనే సెలవు రోజు చూసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్ళి బీపీ చూపించుకోండి, ఈసీజీ తీయించుకోండి, థైరాయిడ్‌కి రక్తపరీక్ష చేయించుకోండి. దడ, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో వేడి, ఈ మూడూ థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వస్తాయి. అన్నీ ధ్యానం ఖాతాలో రాసేసుకుంటే అసలు జబ్బు మరుగున పడిపోతుంది. డాక్టరుకి మీరు చేస్తున్న సాధన గురించి కూడా చెప్పండి, సిగ్గుపడకండి. ‘గాలి బిగబట్టే అభ్యాసం రోజూ గంటసేపు చేస్తున్నాను’ అంటే చాలు, ఆయనకి అర్థమవుతుంది.

ఇక మీ అనుమానం. మీరు రాసినవాటిలో శక్తి మేలుకోవడం ఏదీ కనిపించడం లేదు. ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం, ఎందుకంటే మీలాగే చాలామంది ఈ గుర్తులు చూసి పొంగిపోయి ఇంకా గట్టిగా చేస్తారు.

వేళ్ళలో, పెదాల చుట్టూ కరెంటు: శరీరానికి అవసరమైనదానికంటే ఎక్కువ గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో రక్తం కాస్త క్షారం వైపు జరుగుతుంది, రక్తంలో నరాలకి అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది, నరాలు ఊరికే ఉలిక్కిపడతాయి. అది ముందు తెలిసేది వేళ్ళ కొసల్లో, మూతి చుట్టూనే. మెదడు రక్తనాళాలు కూడా కొంచెం బిగుసుకుంటాయి కాబట్టి తల తేలిపోతుంది. బిగబట్టి వదిలాక ఆత్రంగా పెద్ద పెద్ద ఊపిర్లు తీసేవాళ్ళకి ఇది మామూలే. రుజువు కావాలంటే, ఆ పాకుడు మళ్ళీ ఎప్పుడైనా మొదలైతే లేచి, నోరు మూసుకుని, ముక్కుతో మామూలుగా ఊపిరి తీస్తూ వరండాలో నడవండి. కాసేపట్లో సర్దుకుంటే కారణం ఊపిరే. చేయి ఒక పక్కే మొద్దుబారినా, మాట తడబడినా మాత్రం అది వేరే సంగతి. అప్పుడు నడవడాలూ చూడడాలూ వద్దు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

నుదుటి బిగువు: కళ్ళు మూసుకుని నడినెత్తిని ‘చూడాలని’ ప్రయత్నిస్తే కనుగుడ్లు పైకి తిరుగుతాయి, కనుబొమల మధ్య కండరం ముడుచుకుంటుంది, దానికి తోడు దవడ బిగుస్తుంది. రోజుకో గంట చొప్పున అయిదు నెలలు ఆ కండరాలకి పని చెబితే నొప్పి పుట్టదా? నాలుకని అంగిలికి గట్టిగా నొక్కి పెట్టినా ఇదే జరుగుతుంది. నాలుక నొక్కక్కర్లేదు. ‘ల’ అనబోయి ఆగిపోతే నాలుక కొస ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆనితే చాలు. చీనా వాళ్ళు దీన్ని మాగ్‌పై అనే కాకి జాతి పిట్టలు కట్టిన వంతెన అంటారు. వీపు నాడికి, ముందు నాడికి నోటి దగ్గర కలయిక అని లెక్క.

నిద్ర: బి షిఫ్టు దిగి పదిన్నరకి ఇల్లు చేరి, అన్నం తిని, పన్నెండుకి కూర్చుని ఊపిరితో కుస్తీ పడితే ఒళ్ళు పడుకునే సమయంలో మేలుకుంటుంది. సి షిఫ్టు వారంలో అయితే మీ పగటి నిద్ర ఎలాగూ అంతంతమాత్రం. అలాంటి ఒంటిమీద ఏ ధ్యానమైనా అప్పు మీద అప్పే.

అసలు ఈ అర్ధరాత్రి నియమం ఎక్కడిదో చెప్పాలి. పాత చీనా లెక్కలో రోజుకి పన్నెండు జాములు, ఒక్కోటి రెండు గంటలు. రాత్రి 11 నుంచి 1 దాకా ‘జి’ జాము, చీకటి అడుగు తాకి వెలుగు మొలకెత్తే వేళ. సాధనకి అది శ్రేష్ఠమని పుస్తకాల్లో ఉన్న మాట నిజమే. అయితే అంతర్సాధన రాసిన ఆచార్యులే ఇంకో మాటా చెప్పారు: గడియారంలో జి జాము వేరు, ‘బతికున్న జి జాము’ వేరు. మనసు నిమ్మళించి, ఒళ్ళు తనంతట తాను లోపల కదిలిన క్షణమే అసలు జి జాము. అది పగలు మూడింటికి రావచ్చు, సాయంత్రం అయిదింటికి రావచ్చు. షిఫ్టు ఉద్యోగికి ఇంతకంటే అనుకూలమైన శాస్త్రం ఏముంటుంది? వీడియోలు మొదటి సగం చెప్పి రెండో సగం మింగేశాయి.

వీడియోలు మింగినది అదొక్కటే కాదు. తావో అంతర్సాధనని ‘నేయ్‌దాన్’ అంటారు, లోపలి రసవాదం. దాని ముడిసరుకు మూడు: జింగ్ (ఒంటి సారం), చి (ఊపిరితో కదిలే బలం), షెన్ (ఎరుక). జింగ్‌ని చిగా, చిని షెన్‌గా, షెన్‌ని శూన్యంలోకి మార్చడం వరస. మీరు చేసిన మైక్రోకాస్మిక్ ఆర్బిట్, అంటే చిన్న ప్రదక్షిణ, వీపున దు నాడిలో ఎక్కి ముందు రెన్ నాడిలో దిగేది, ఈ వరసలో మొదటి మెట్టే కావచ్చు గానీ దానికీ కింద ఒక పునాది ఉంది. ‘నూరు రోజుల పునాది’ అని దాని పేరు. నిద్ర, తిండి, అరుగుదల, నడుము, ఊపిరి, చిరాకు, వీటిని దారిలో పెట్టడమే ఆ పునాది. నూరు అన్నది గ్యారంటీ గడువు కాదు, వయసునీ అలసటనీ బట్టి ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. మీరు దాన్ని దాటేసి నేరుగా పైకెక్కించడంతో మొదలుపెట్టారు. కింద నిండనిదాన్ని పైకి తోడితే వచ్చేది ఉద్రిక్తతే.

దారిలో మూడు గండ్లు ఉంటాయని ఆచార్యులు చెబుతారు: వెన్ను అడుగున త్రికం దగ్గర ఒకటి, వీపు నడుమ రెండోది, మెడ వెనక తలగడ ఆనే ఎముక దగ్గర మూడోది. మూడోదే మొండిది. అక్కడ తోయడం మొదలుపెడితే మెడ బిగుస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, తల బరువెక్కుతుంది. దీనికి చీనాలో పాత పేరే ఉంది, ‘జౌ హువో రు మో’, అంటే నిప్పు దారి తప్పి మాయ పట్టడం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో వేసిన రోగనిర్ణయ గ్రంథంలోనూ చిగాంగ్ (చీనా ఊపిరి సాధన) వల్ల మతి చెదరడాన్ని ఒక స్థితిగా చేర్చారు. మీరు అంత దూరం వెళ్ళలేదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. అయితే మూడు గుర్తులు కంటికి కనబడేలా గోడకి రాసి పెట్టుకోండి: రెండు మూడు రాత్రులు మూడు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకపోవడం, మాటలు వినబడడం, ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం. ఇందులో ఏది వచ్చినా సాధన గురువు కాదు, మానసిక వైద్యుడు కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారు. ఈ మూడూ మీ ఆవిడకి కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే రెండో దాన్నీ మూడో దాన్నీ మీ అంతట మీరు గుర్తించలేరు.

ఇప్పుడు రెండు వారాల విశ్రాంతి ఎలాగో. కూర్చునే ధ్యానం ఏదీ వద్దు. రోజూ ముప్పావుగంట నడక, నాగావళి వైపో, కాలనీ రోడ్డు మీదో. నడుస్తున్నంతసేపూ అరికాలు నేలకి ఆనడం మీద గురి. పడుకునే ముందు బకెట్లో గోరువెచ్చని నీళ్ళు, చేయి పెట్టి ఉంచగలిగేంత వేడి, చీలమండలు మునిగేలా పోసి పావుగంట కాళ్ళు పెట్టండి. షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవాళ్ళు ఇది చేయకూడదు, కాలినా తెలియదు. తుడుచుకున్నాక అరికాలు రుద్దండి. వేళ్ళు లోపలికి ముడిస్తే ముందు భాగంలో ఒక గుంట పడుతుంది, చీనా వైద్యులు పొంగే ఊట అనే చోటు అదే. బొటనవేలితో ఒక్కో కాలికి రెండు నిమిషాలు. వేడిని తల నుంచి లాగేయడానికి ఇదేదో మంత్రం కాదు. గురి తలమీద నుంచి పాదాలకి మారితే నుదుటి కండరం పని మానుతుంది, పాదాల చర్మంలో రక్తనాళాలు విచ్చుకుంటే ఒంటి లోపలి వేడి కొంచెం బయటికి పోతుంది, నిద్ర తేలికగా పడుతుంది.

టీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు. సి షిఫ్టులో అయితే రాత్రి ఒంటిగంటకి ఆఖరి టీ. పొద్దున ఇంటికి వచ్చాక చోడి అంబలో చద్దన్నమో తేలిగ్గా తిని, కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేసుకుని, ఫోను పక్క గదిలో పెట్టి పడుకోండి.

నిద్ర ఆరు గంటలకి వచ్చి, దడ పోయి, డాక్టరు సరేనన్నాక రెండో అంచె. కూర్చోవడం ఇంకా వద్దు, నిలబడండి. ‘జాన్ జువాంగ్’ అంటారు, స్తంభంలా నిలవడం. మీలాంటి తలబరువు సాధకుడికి దీన్ని మించిన మందు లేదని మా అభిప్రాయం, ఎందుకంటే నిలబడిన మనిషి తొడలు వణుకుతుంటే తలలో ఊహాగానం చేయడం కష్టం. పాదాలు భుజాలంత ఎడంగా, ఒకదానికొకటి సమాంతరంగా. మోకాళ్ళు బిగదీయకుండా, కూర్చోబోయి మానేసినంత వంపు. మోకాలు బొటనవేలు దాటకూడదు. నడుము కింది భాగం వేలాడనివ్వండి, పిరుదులు వెనక్కి తోయొద్దు, ముందుకి బిగించొద్దు. రొమ్ము విరవొద్దు. చంకలో నిమ్మకాయ పట్టేంత ఖాళీ. చేతులు పొట్టకి జానెడు దూరంలో, అరచేతులు పొట్టవైపు, బొడ్డు ఎత్తులోనే ఉంచండి. రొమ్ము ఎత్తుకి లేపే పద్ధతి మామూలుగా చూపిస్తారు గానీ అది భుజాలని బిగిస్తుంది, మీకిప్పుడు వద్దు. గడ్డం కొద్దిగా లోపలికి. కళ్ళు తెరిచే ఉంచి, నాలుగైదు అడుగుల దూరాన నేలని చూడండి.

మొదటి వారం మూడు నిమిషాలు చాలు. వారానికో నిమిషం చొప్పున పెంచుతూ పదిహేను దగ్గర ఆగండి. తొడ వణకడం సహజం. మోకాలి చిప్ప వెనక నొప్పి సహజం కాదు, వంపు ఎక్కువైందని అర్థం. కళ్ళు బైర్లు కమ్మితే మోకాళ్ళు బిగదీసి ఉంటారు. పిక్కల కండరం పని చేయకపోతే కాళ్ళలో రక్తం కిందే నిలిచిపోతుంది, మెదడుకి చాలదు. వెంటనే కూర్చోండి. పుష్యమాసపు చలిలో తెల్లారగట్ట ఉత్త సిమెంటు గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడకండి, గోనెపట్టా వేసుకోండి. మేడ మీద పొగ వాసన వస్తున్న రోజు లోపలే చేసుకోండి. వేసవిలో తొమ్మిది దాటాక చేస్తే చెమటతో నీరసం తప్ప ఇంకేమీ రాదు.

షిఫ్టుల్లో ఎప్పుడు చేయాలి? గడియారం పెట్టుకోకండి, ఒక్క సూత్రం పెట్టుకోండి: నిద్ర లేచిన తర్వాత, తిండికి ముందు. బి షిఫ్టు వారంలో పొద్దున ఏడింటికి, సి షిఫ్టు వారంలో మధ్యాహ్నం పడుకుని లేచి నాలుగింటికి కుదురుతుంది. ఎ షిఫ్టుకి పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి కాబట్టి సాయంత్రం ఓ కునుకు తీసి లేచాక చేయండి. కడుపునిండా తింటే రెండు గంటలు ఆగాలి. షిఫ్టు మారే రోజు మానేయండి, పాపం లేదు. ఉద్యోగం చేసుకుంటూ సాధన సాగదని నిరుత్సాహపడొద్దు. ఈ సాధనని మంత్రపు మాటలు తీసేసి మామూలు ఉద్యోగస్థులకి అర్థమయ్యేలా చీనాలో మొదట రాసినవాళ్ళలో జియాంగ్ వెయ్‌చియావో (1873–1958) ఒకరు. క్షయతో బాధపడుతూ, విద్యారంగంలో పని చేసుకుంటూనే కూర్చునేవారు. 1914లో పద్ధతి అచ్చువేశారు. ఆయన చేసిందల్లా పొత్తికడుపు మీద గురి నిలపడమే. నాడులు తెరుచుకోవడం దానంతట అదే జరిగిందని రాశారు తప్ప తోశానని రాయలేదు.

నిలబడడం పది నిమిషాలు అలవోకగా సాగాక కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు, మామూలు కుర్చీ చాలు, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, వెన్ను వాల్చకూడదు. నేల మీదే కూర్చుంటానంటే దుప్పటి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద జానెడులో సగం ఎత్తు పెట్టుకోండి, మోకాళ్ళు తుంటికంటే కిందికి రావాలి. రాకపోతే నడుము వెనక్కి గూనిపోతుంది, ఊపిరి పొట్టదాకా దిగదు. కాళ్ళు తిమ్మిరెక్కితే అదీ చి కాదు, మడమో పిక్కో నరాన్ని నొక్కుతోంది, కాలు మార్చుకోండి. కనురెప్పలు ముప్పాతిక మూసి, ముక్కు కొస మీదుగా చూపు కిందికి జారనివ్వండి. రెప్పలు పూర్తిగా మూస్తే మీలాంటి రాత్రి డ్యూటీ మనిషి కునికిపాట్లు పడతాడు, పూర్తిగా తెరిస్తే మనసు గోడ మీద బల్లి వెంట పోతుంది.

ఊపిరి ముక్కుతోనే, మామూలుగా. పీల్చినప్పుడు పొట్ట కొంచెం ముందుకి, వదిలినప్పుడు లోపలికి. మీరు చేసిన తిరగేసిన ఊపిరి పొట్ట లోపల ఒత్తిడి పెంచుతుంది. బీపీ, హెర్నియా, మొలలు ఉన్నవాళ్ళు దాని జోలికే పోకూడదు, మొదలుపెట్టేవాళ్ళకీ పనికిరాదు. వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి, తిట్టుకోవద్దు. నాలుగైదు నిమిషాలకి లెక్క వదిలేసి ఊపిరిని వినండి. చెవికి సవ్వడి వినబడుతోందంటే ఊపిరి ఇంకా మోటుగా ఉందని అర్థం, దాన్ని సన్నగా చేయాలని ప్రయత్నించకండి, వింటూ ఉంటే తానే సన్నబడుతుంది. ఆ తర్వాత గురి బొడ్డు కింద నాలుగు వేళ్ళ దిగువన, చర్మం మీద కాదు, లోపలికి. కింది దాన్‌తియెన్ అంటారు. అదొక చుక్క కాదు, అరచేయంత మేర. సరిగ్గా ఎన్ని అంగుళాలు అని గ్రంథాలే ఒకదానితో ఒకటి ఒప్పుకోవు, స్కేలు పెట్టి వెతకొద్దు. గురి ఉందో లేదో అన్నంత తేలిగ్గా ఉండాలి. కనుబొమలు ముడిపడ్డాయంటే గురి ఎక్కువైందన్నమాట.

ఇక్కడే మీలో ఉన్న అసలు చిక్కు వస్తుంది. మీరు పని రాక్షసులు, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నేయ్‌దాన్ భాషలో ఎరుకని, ఊపిరిని కలిపి ‘నిప్పు’ అంటారు. దాన్ని ఎంత మంట మీద ఉంచాలన్న లెక్కని రహస్యంగా చూస్తారు. ఊపిరి మీద గట్టి పట్టు యుద్ధపు మంట, వదులు పట్టు నెమ్మది మంట. మీరు అయిదు నెలలూ యుద్ధమే చేశారు. పాత చీనా కథలో ఒక రైతు తన పైరు త్వరగా ఎదగడం లేదని మొక్కలు ఒక్కొక్కటీ కొంచెం పైకి లాగి ఇంటికొస్తాడు, కొడుకు వెళ్ళి చూస్తే అన్నీ వాడిపోయి ఉంటాయి. ఆకుమడి ఎరిగిన మన వైపు వాళ్ళకి ఆ కథ విప్పి చెప్పక్కర్లేదు. మరిచిపోనూ వద్దు, సాయం చేయనూ వద్దు అని ఆ కథ చెప్పిన ఆచార్యుడి సలహా.

పదిహేను ఇరవై నిమిషాలు కూర్చున్నాక ఊరికే లేచిపోకండి. మీ తలవేడికి సగం కారణం ముగింపు చేయకపోవడం. అరచేతులు రుద్ది వేడెక్కించి, ఎడమ అరచెయ్యి బొడ్డు మీద, దాని మీద కుడిది పెట్టి, చిన్న చుట్టుతో మొదలుపెట్టి పెద్దవి చేస్తూ 36 సార్లు, మళ్ళీ ఎదురు దిశలో చిన్నవి చేస్తూ 24 సార్లు తిప్పి బొడ్డు దగ్గర ఆపండి. పళ్ళు తేలిగ్గా 36 సార్లు కొట్టండి. నోట్లో ఊరిన ఉమ్మిని మూడు గుటకల్లో మింగి పొట్టదాకా పోయినట్టు గమనించండి. ముఖం కడుక్కున్నట్టు అరచేతులతో రుద్దుకోండి. అరచేతులతో చెవులు మూసి, చూపుడు వేలిని నడిమి వేలి మీద నుంచి జార్చి తల వెనక ఎముక మీద డప్పులా 24 సార్లు కొట్టే పద్ధతి కూడా ఉంది, కానీ తల బరువు పూర్తిగా పోయేదాకా అది మీకొద్దు. అన్నీ కలిపి అయిదు నిమిషాలు. టైము లేని రోజు కూర్చోవడం తగ్గించుకోండి, ముగింపు తగ్గించొద్దు.

మరి ఆ ప్రదక్షిణ ఎప్పుడు? నూరు రోజులు గడిచాయి కాబట్టి అని కాదు. కూర్చోగానే పొత్తికడుపు తానే వెచ్చబడుతూ, లేచాక కూడా కాసేపు ఆ వెచ్చదనం నిలుస్తూ, నిద్ర గాఢంగా పడుతూ, ఊపిరి చెప్పకుండానే నెమ్మదిస్తూ ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. అప్పుడు కూడా తోయకూడదు, కదిలితే వెంట వెళ్ళడమే. మెడ దగ్గర ఆగితే గడ్డం దించి గురి మళ్ళీ పొట్టకి తెచ్చేయండి. నెత్తి దగ్గర నిలబడి ఆనందించొద్దు, ముందు వైపు నుంచి నాలుక, గొంతు, రొమ్ము మీదుగా పొట్టలోకి దించిన తర్వాతే లేవాలి. ఈ అంచెకి మనిషి ఎదురుగా ఉండి చూసే గురువు ఉంటే మంచిది. రాయగడలో దొరక్కపోవచ్చు. విశాఖ రైలెక్కి వెళ్ళినా, తాయ్‌చి నేర్పేవాళ్ళు నిలబడడం సరిదిద్దితే అది చాలు మీకిప్పుడు. ‘ఏడు రోజుల్లో చక్రం తిప్పిస్తా’ అనేవాడు, మందులు మానేయమనేవాడు, జబ్బు గురించి అడగనివాడు, ఈ ముగ్గురికీ డబ్బు కట్టకండి.

ప్రాణాయామం, జపం సంగతి. పంచాక్షరి చేసుకోండి, అడ్డేమీ లేదు, ఇంకా నిద్రకి మంచిది. కుంభకం, భస్త్రిక, కపాలభాతి మాత్రం ఈ నూరు రోజులూ ఆపండి. మన హఠయోగంలో కుండలిని నడిమి నాడిలో పైకి వెళ్ళి సహస్రారంలో నిలవడం గమ్యం. తావో వాళ్ళ చిన్న ప్రదక్షిణలో పైకి వెళ్ళినది తప్పకుండా కిందికి రావాలి. రెండు పటాల్నీ ఒకే ఒంట్లో ఒకే నెలలో పరిస్తే, పైకి పంపడం దీనిది, అక్కడే నిలపడం దానిది అయి కూర్చుంటుంది. మీ నడినెత్తికి జరిగింది బహుశా అదే.

వీర్యం గురించి మొహమాటం లేకుండా రాస్తాం. స్ఖలన సమయంలో మలద్వారానికి ముందున్న చోటు నొక్కి ఆపమని నేర్పుతున్నారు. అలా ఆపితే అది వెన్నులోకి ఎక్కదు, మూత్రాశయంలోకి వెనక్కి పోతుంది, మూత్రంతో బయటికి పోతుంది. పదే పదే చేస్తే అక్కడ నొప్పి, మంట, ప్రోస్టేట్ వాపు రావచ్చు. అలా చేస్తూ ఉంటే మానేయండి. పూర్తి బ్రహ్మచర్యం తావో దారిలో చువాన్‌జెన్ శాఖ సన్యాసుల నియమం, 12వ శతాబ్దంలో వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170) మొదలుపెట్టిన శాఖ అది. జెంగ్‌యీ శాఖ పూజారులు పెళ్ళాం పిల్లలతోనే ఉంటారు. సంసారికి మితం చాలు. పునాది రోజుల్లో కొంత తగ్గించుకోమని గ్రంథాలు చెబుతాయి, అదీ ఆవిడతో మాట్లాడుకుని, ఆవిడకీ సరే అయితేనే. కోపతాపాలతో ఇంట్లో రోజూ పోయే జింగ్ ముందు మీరు పడకలో దాచేది ఏపాటి?

ఆవిడ చేస్తానంటే మొదటి మూడు నెలలూ నిలబడడం, ఊపిరి వినడం ఇద్దరికీ ఒకటే. నెలసరి రోజుల్లో గురి పొత్తికడుపు మీద పెట్టకుండా రొమ్ముల మధ్య ఉంచుకోవడం స్త్రీల సాధనలో పాత పద్ధతి. కడుపుతో ఉంటే ఈ కడుపు సాధనలేవీ వద్దు, నడక చాలు.

అమ్మగారితో వాదించకండి. గుణియా చేత తాయెత్తు కట్టించుకుంటే మీకు పోయేది లేదు, ఆవిడకి నిద్ర పడుతుంది. కానీ పొగ వేయించుకోవడం, ఉపవాసం ఉంచడం, పసరు తాగించడం దాకా పోనివ్వకండి, ఆసుపత్రి పరీక్షలు ముందే చేయించుకుని వెళ్ళండి.

చివరిది, గుళికలు. లోపలి రసవాదం పుట్టడానికి ఒక కారణం బయటి రసవాదం మనుషుల్ని చంపడమే. పాదరసం, ఇంగిలీకం, సీసం కలిపిన అమృత గుళికలు మింగి చీనాని ఏలిన థాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు ఒళ్ళు చెడగొట్టుకున్నారు. వాళ్ళలో వూజోంగ్ 846లో పోయింది వాటివల్లనే అంటారు. 1222లో చెంగీజ్ ఖాన్ చావు లేకుండా చేసే మందు ఏదని చువాన్‌జెన్ ఆచార్యుడు చియు చూజీని అడిగితే, ప్రాణం కాపాడుకునే దారులున్నాయి గానీ అలాంటి మందు లేదని ఆయన సైన్యాల మధ్య నిలబడే చెప్పాడు. మీకు ఆన్‌లైన్‌లో అమ్మేవాడు ఆయనకంటే ఎక్కువ తెలిసినవాడు కాడు. డబ్బా మీద లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా లేకపోతే కొనొద్దు. ఇప్పటికే కొని ఉంటే మింగకండి, పొయ్యిలోనూ చెత్తమంటలోనూ వేయకండి, పాదరసం ఉంటే ఆ ఆవిరి పీల్చడం మింగడం కంటే ప్రమాదం. మూత గట్టిగా బిగించి పిల్లలకి అందనిచోట పెట్టి, రక్తపరీక్షకి వెళ్ళేటప్పుడు డబ్బా కూడా తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి. కొన్ని మింగి కూడా ఉంటే ఎన్ని, ఎన్నాళ్ళు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి. చిగుళ్ళ వాపు, చేతుల వణుకు, నిద్రలేమి పాదరసం వల్ల కూడా వస్తాయి కాబట్టి ఆయన రాసే పరీక్షలు దాన్నిబట్టి మారతాయి.